గాలి లేని లెక్క

ట్విలా హ్రూస్కా ఎవరని అడిగితే మా ఊళ్ళో ఎవరైనా ముందు ఏడో నంబరు బస్సు అంటారు. మనిషి ఆ తర్వాతే గుర్తొస్తుంది. పధ్నాలుగేళ్ళుగా ఆ స్కూలు బస్సు ఆమెదే. పొద్దున యాభై రెండు మైళ్ళు, సాయంత్రం యాభై రెండు మైళ్ళు. ఏ పొలం దగ్గర కుక్క చక్రాల మీదికి ఉరుకుతుందో, ఏ పిల్ల ఏమీ తినకుండా ఎక్కుతుందో, ఏ ఇంట్లో మొగుడూ పెళ్ళాలు మాట్లాడుకోవడం మానేశారో అన్నీ ఆమెకి తెలుసు. తెలిసినా ఎవరికీ చెప్పదు. మా ఊరికి అది చాలా పెద్ద గుణం.

నా పేరు వెర్లిన్. కౌంటీ విమానాల మైదానం చూసుకునేది నేనే. మైదానం అన్నాను కదా అని పెద్దగా ఊహించుకోకండి. ఒక రన్‌వే, నాలుగు రేకుల షెడ్లు, ఒక పెట్రోలు పంపు, ఆఫీసులో ఒక కాఫీ బల్ల, అంతే. ఆ బల్ల దగ్గర ఆరు వారాలపాటు ట్విలా జీవితాన్ని మేం ముగ్గురు ముసలాళ్ళం పీకి పాకం పెట్టాం. అందులో నా నోటి పాత్ర అందరికంటే ఎక్కువ. ఆ సంగతి దాచకుండా చెప్పాలనే ఇది రాస్తున్నాను.

ట్విలా వాళ్ళ నాన్న ఆవులు పెంచేవాడు. ఆవులు పోయాయి, తర్వాత ఆయనా పోయాడు. ఇరవై ఏళ్ళకే కర్టిస్‌ని చేసుకుంది. అతను ధాన్యం గోదాములో పని చేస్తాడు, నెమ్మదస్తుడు, షుగరు మనిషి. ట్విలా రెండేళ్ళు బడి వంటింట్లో బంగాళాదుంపలు ఒలిచింది, నాలుగేళ్ళు కిరాణా కొట్టులో గల్లా దగ్గర నిలబడింది, ఆ తర్వాత బస్సెక్కింది. జీతం గొప్పదేమీ కాదు, ఏడాదికి ఇరవై మూడు వేల డాలర్లు. కానీ దాంతోపాటు వైద్య బీమా వస్తుంది, కర్టిస్ ఇన్సులిన్ ఆ బీమా మీదే నడుస్తోంది. పిల్లలు లేరు. అడిగినవాళ్ళకి "పొద్దున నలభై ఒక్కమంది, సాయంత్రం ముప్పై ఎనిమిదిమంది" అని చెప్పేది. ఆ మాట తర్వాత ఇంకెవరూ అడిగేవాళ్ళు కాదు.

ఎగరడం సంగతి ఇలా మొదలైంది. పోయిన అక్టోబరులో బడివాళ్ళు ఎనిమిదో తరగతిని మైదానం చూడ్డానికి పంపారు. నా నాలుగు సీట్ల విమానంలో ముగ్గురేసి పిల్లల్ని ఎక్కించుకుని ఊరి చుట్టూ ఒక తిప్పు తిప్పుతున్నాను. ఆఖరి తిప్పులో ఎక్కాల్సిన పిల్ల ఒకతి మూడు డోనట్లు మింగి షెడ్డు వెనక్కి పరిగెత్తింది. సీటు ఖాళీగా ఉంది. బస్సు మెట్టు మీద కూర్చుని పొద్దుతిరుగుడు గింజలు నములుతున్న ట్విలాని పిలిచాను.

"నేనెందుకండీ, నాకు బస్సుంది" అంది.

"బస్సు ఎక్కడికీ ఎగిరిపోదు, రా" అన్నాను.

పైకెళ్ళాక కింద తను తిరిగే దారంతా కనిపించింది. వేలితో అద్దం మీద ఆ దారి గీసుకుంటూ వచ్చింది, మలుపు మలుపునా వేలు ఆగింది. దిగాక పిల్లలు బస్సెక్కుతుంటే నా దగ్గరికొచ్చి, "ఇది పనిగా చేసుకోవాలంటే ఎంతవుతుంది?" అని అడిగింది.

"నీ బస్సు అమ్మినా చాలదు" అన్నాను నవ్వుతూ.

"బస్సు నాది కాదు కదండీ" అంది. ఆమె నవ్వలేదు.

ఆ చలికాలమంతా శనివారాలు వచ్చి నా దగ్గర నేర్చుకుంది. ఫుట్‌బాల్ ఆటలకి బస్సు నడిపితే వచ్చే అదనపు డబ్బులు నాకు తెచ్చిచ్చేది. నిజం చెప్పాలంటే నేను నేర్పినవాళ్ళలో అంత మెత్తని చెయ్యి ఇంకెవరికీ లేదు. వెనక నలభైమంది పిల్లల్ని కూర్చోబెట్టుకుని మంచు మీద బ్రేకు వేసే మనిషికి మెత్తదనం రాక ఎక్కడికి పోతుంది! కాబట్టి ఆమెకి చేతనవుతుందా అన్న ప్రశ్న ఎప్పుడూ లేదు. ఫిబ్రవరిలో, నలభై మైళ్ళ దూరంలో ఉన్న కమ్యూనిటీ కాలేజీలో విమానం నడిపే డిగ్రీకి దరఖాస్తు పెట్టింది. సీటొచ్చింది. ఆగస్టులో చేరాలి. మే ఒకటో తారీఖు లోపల ఐదువందల డాలర్ల చెక్కుతో ఒప్పుకోలు కాగితం పంపాలి.

అప్పుడు తెచ్చింది ఆ కాగితాలు మా బల్ల దగ్గరికి. తేవడమే ఆమె చేసిన పొరపాటని ఇప్పటికీ అంటాను.

మా బల్ల గురించి ఒక్క మాట. శనివారం పొద్దున ఎనిమిదింటికి మేం ముగ్గురం చేరతాం. డెల్మార్ బీమా ఏజెంటుగా చేసి మానేశాడు. గేలెన్ విమానాల మెకానిక్కు, మానేశానంటాడు కానీ మానలేదు. మూడోవాణ్ణి నేను, నలభై ఏళ్ళు చేల మీద మందు కొట్టే విమానం నడిపి, మోకాళ్ళు పోయాక ఈ ఆఫీసులో కూర్చున్నాను. అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ సలహా ఇవ్వడం మాకు అలవాటు. ఆ పని చెయ్యకపోతే మాకు కాఫీ అరగదు.

"ఏమమ్మా కెప్టెన్! నీ విమానంలో మాకు వేరుసెనగ పొట్లాలు ఎప్పుడు పంచుతావు?" అన్నాడు డెల్మార్.

"ముందు నన్ను చేరనివ్వండి. ఇదిగో, ఇది చూసి చెప్పండి, గిట్టుబాటవుతుందా?"

డోనట్ల డబ్బా మూత తిరగేసి నేను లెక్క వేశాను. రెండేళ్ళ చదువుకి, పుస్తకాలకి పన్నెండు వేలు. విమానం అద్దె, పెట్రోలు, పరీక్షలు కలిపి డెబ్భై నాలుగు వేలు. మొత్తం ఎనభై ఆరు వేలు, అందులో సగానికిపైగా అప్పే. ఆ తర్వాత ఎయిర్‌లైన్లో చేరాలంటే పన్నెండువందల యాభై గంటలు ఎగిరి ఉండాలి. అన్ని గంటలు కావాలంటే అందరూ చేసే పనే, కొత్తవాళ్ళకి నేర్పుతూ రెండేళ్ళు గడపాలి. నేర్పితే గంటకి ముప్పై డాలర్లు. ఆ తర్వాత చిన్న ఎయిర్‌లైన్లో మొదటి ఏడాదే ఎనభై, తొంభై వేలు. నలభై ఐదో ఏట అక్కడ చేరితే అరవై ఐదుకి దింపేస్తారు. ఇరవై ఏళ్ళు.

"బంగారం!" అన్నాను. "కళ్ళు మూసుకుని చేరు."

డెల్మార్ మూత లాక్కుని కిందివైపు ఇంకో లెక్క వేశాడు. అతని లెక్కలో వడ్డీ ఉంది, కర్టిస్ బీమా గోదాము ద్వారా తీసుకుంటే నెలకి ఆరువందల నలభై ఉంది, నలభై ఏడో ఏట ఆమెకి కంటి చూపు తగ్గడం కూడా ఉంది. "నీకిది ఆత్మహత్యమ్మా" అన్నాడు.

గేలెన్ ఆ మూత వంక చూడనైనా లేదు. "ఇద్దరూ వెధవలే. ఒసేవ్ ట్విలా, అదే కాలేజీలో మెకానిక్కు చదువుంది. ఇరవై నెలలు, పద్నాలుగు వేలు. బయటికి రాగానే గంటకి ఇరవై ఎనిమిది. విమానం ఎగిరినా ఎగరకపోయినా పాడవుతూనే ఉంటుంది, నీకు పనికి లోటుండదు."

"వాడు చెప్పందేంటంటే" అన్నాడు డెల్మార్, "పనిముట్లు ఎవడివి వాడే కొనుక్కోవాలి. గేలెన్ పెట్టె ఖరీదు వాడి పెళ్ళికైన ఖర్చుకంటే ఎక్కువ."

"పెట్టె ఇంకా నాతోనే ఉంది కదరా" అన్నాడు గేలెన్. మేం ముగ్గురం నవ్వాం. ట్విలా డబ్బా మూత మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయింది.

తర్వాతి శనివారం ఆమె వచ్చేసరికి డెల్మార్ మాట మారింది. ఎవరో మేనల్లుడు ఎయిర్‌లైన్లో చేరి పడవ కొన్నాడట, కాబట్టి చేరమన్నాడు. అప్పటికి నాకేమో చేరొద్దనిపించింది, ఎందుకంటే ఆ వారమే ఒక కుర్రాడు ఎయిర్‌లైన్లో ఉద్యోగం పోయి వచ్చి నా దగ్గర పెట్రోలు పోయించుకుని ఏడ్చాడు. గేలెన్ ఒక్కడే మాట మీద ఉన్నాడు కానీ వాడు చిన్నప్పట్నుంచీ అంతే, బండ. ప్రతి వారం ఒక కొత్త మూత, ఒక కొత్త మొత్తం. ఒకసారి ఆమె ఆరు లక్షలు లాభపడింది, ఇంకోసారి ఇల్లు పోగొట్టుకుంది. ఆమె కర్టిస్‌ని అడిగితే "నీకెలా తోస్తే అలా చెయ్యి" అన్నాడట. అంతకంటే పనికిమాలిన మాట మొగుడు పెళ్ళానికి చెప్పగలడా? పాపం, ప్రేమతోనే అన్నాడు.

ఏప్రిల్ రెండో శనివారం ట్విలా ఒక కాగితం తెచ్చింది. అది బస్సు డ్రైవర్లు రోజూ నింపే ప్రయాణం పట్టీ. అంచున పెన్సిలుతో గీతలున్నాయి.

"ఏంటిది?" అన్నాను.

"పొద్దున ఏడూ పదికి, సాయంత్రం మూడూ నలభైకి నా బస్సు మీ మైదానం పక్కనుంచి పోతుంది కదా. మీ స్తంభం మీద గాలి గుడ్డ ఉంటుంది కదా. మార్చి నెలంతా రెండు పూటలా అది చూసి రాశాను. గుడ్డ అడ్డంగా బిగిసి కొట్టుకుంటే గీత, వేలాడుతుంటే సున్నా. బడి ఉన్న రోజులు ఇరవై ఒకటి. కొత్తవాళ్ళు ఎగరగలిగే రోజులు తొమ్మిదే కనిపించాయి."

"అయితే?"

"నేర్పేవాళ్ళకి డబ్బు ఎప్పుడిస్తారు వెర్లిన్ గారూ? విమానంలో మీటరు తిరుగుతున్నప్పుడేగా?"

"అంతే. ఇంజను నడిచిన గంటలకే."

"గాలి తగ్గుతుందేమోనని ఆఫీసులో కూర్చున్న గంటలకి?"

నేను చేతిలో డోనట్టు కింద పెట్టేశాను.

"మీ లెక్కల్లో గాలే లేదండీ" అంది. "రోజూ గాలి పడిపోయి ఉంటుందన్నట్టు రాశారు. మాకు బస్సులో కూడా ఇదే కథ. పొద్దున ట్రిప్పుకిస్తారు, సాయంత్రం ట్రిప్పుకిస్తారు. మధ్యలో ఆరు గంటలు ఎవరూ ఇవ్వరు. ఆ ఆరు గంటల్లోనే నేను ముసలిదాన్నయ్యాను."

నాకు చెంపదెబ్బ తిన్నట్టయింది. మా ఎగిరేవాళ్ళ జబ్బు అది. నా గంటల పుస్తకంలో పధ్నాలుగు వేల గంటలు రాసి ఉన్నాయి, ఒక్క నిమిషం తేడా లేకుండా. గాలి కోసం, వాన కోసం, పాడైన ఇంజను కోసం రెక్క కింద కూర్చున్న గంటలు ఒక్కటి కూడా రాయలేదు. ఎవరైనా నువ్వెంత సంపాదించావని అడిగితే రాసిన గంటల్తోనే భాగించి చెప్పేవాణ్ణి, అందరం అలాగే చెప్పుకుంటాం. నలభై ఏళ్ళు నన్ను నేను మోసం చేసుకున్నది చాలక ఈ పిల్లకి కూడా అదే లెక్క అంటగట్టాను. సిగ్గేసింది.

"అయితే చేరవా?" అన్నాను.

"నేనలా అన్లేదే" అంది. "తెలిసిందని చెప్పానంతే. తెలిసినకొద్దీ తేలడం లేదు."

ఏప్రిల్ చివరికొచ్చేసరికి మనిషి సగమైంది. బస్సు నడుపుతూ ఒక మలుపు మర్చిపోయిందట, పధ్నాలుగేళ్ళలో మొదటిసారి. పిల్లలు గోల చేస్తే వెనక్కి తిప్పుకుని వచ్చింది. పైగా బడివాళ్ళు కూడా అదే వారంలో కాగితం ఇచ్చారు. వచ్చే ఏడాది బస్సు నడుపుతావా లేదా, మే ఒకటిలోగా సంతకం పెట్టి పంపు అని. ఏటా ఇస్తారు, ఏటా ఆమె చూడకుండా సంతకం పెట్టేది. ఈసారి రెండు కాగితాలూ ఒకే తారీఖుకి వచ్చి కూర్చున్నాయి.

ఏప్రిల్ ముప్పైన, గురువారం సాయంత్రం, పిల్లలందర్నీ దింపేసి ఖాళీ బస్సు తెచ్చి నా ఆఫీసు ముందు ఆపింది. చేతిలో రెండు కవర్లు. రెంటికీ స్టాంపులున్నాయి, రెండూ అంటించి ఉన్నాయి.

"రెండింట్లోనూ సంతకాలు పెట్టేశాను" అంది. "రేపటి తపాలా ముద్ర పడితే చాలు. ఒకటి పోస్టు డబ్బాలో వెయ్యండి, రెండోది చింపెయ్యండి. ఏది వేశారో నాకు చెప్పొద్దు, వాళ్ళే చెప్తారు."

"నీకు మతి పోయిందా!"

"పోయింది. అందుకే మీ దగ్గరికొచ్చాను. ఆరు వారాల్నుంచీ ఇలా చెయ్యి, అలా చెయ్యి అంటున్నారు కదా. చెప్పింది చేసి చూపించండి. నా వల్ల కావట్లేదండీ. పొద్దున లేస్తే విమానం, సాయంత్రమయ్యేసరికి బస్సు. కర్టిస్ సూది చేసుకుంటుంటే చూడలేకపోతున్నాను."

కవర్లు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. ఆపుదామని లేచాను కానీ నా మోకాళ్ళు లేచేసరికి బస్సు గేటు దాటింది.

మర్నాడు పొద్దున పోస్టాఫీసు తలుపు తీయకముందే వెళ్ళి నిలబడ్డాను. కుడిచేతిలో కాలేజీ, ఎడమచేతిలో బస్సు. కాలేజీ కవరు డబ్బా నోటి దాకా తీసుకెళ్తాను, కర్టిస్ గుర్తొస్తాడు. బస్సు కవరు తీసుకెళ్తాను, అద్దం మీద ఆ వేలు గుర్తొస్తుంది. పక్కన జనం వచ్చి ఉత్తరాలు వేసి, "ఏం వెర్లిన్, డబ్బాకి కాపలా పెట్టారా?" అని నవ్వి వెళ్తున్నారు. ఆరు వారాలు ఎంత తేలిగ్గా వాగాను! "బంగారం" అన్నాను, "వద్దు" అన్నాను, రెండూ డోనట్టు తింటూనే అన్నాను. ఇప్పుడు ఒక చిన్న కవరు లోపలికి తోసే ధైర్యం లేదు. పది గంటలకి డబ్బా ఖాళీ చెయ్యడానికి పోస్టాఫీసులో పనిచేసే ఆమె తాళాలు గలగలలాడించుకుంటూ వచ్చింది. కంగారులో రెండూ లోపల పడేశాను.

అవును, రెండూ. తిట్టుకోండి. నన్ను నేను తిట్టుకున్నంత మీరు తిట్టలేరు.

సాయంత్రం మూడూ నలభైకి మా గేటు దగ్గర రోడ్డు పక్కన నిలబడ్డాను. అక్కడ ఇద్దరు పిల్లలు దిగుతారు. బస్సు ఆగింది, రోడ్డు మీది బళ్ళన్నీ ఆగాలని ఎర్ర దీపాలు వెలిగాయి, తలుపు తెరుచుకుంది. పిల్లలు దిగగానే నేను మెట్టు కింద నిలబడి చెప్పాను.

"రెండూ వేసేశాను."

"ఏంటీ?"

"రెండు కవర్లూ. డబ్బాలో."

పిల్లలందరూ మెడలు చాపి చూస్తున్నారు.

"ఒక్కటి వెయ్యమంటే రెండూ వేశారా?" అంది ట్విలా.

"ఏది వెయ్యాలో తోచలేదు."

"మీకు తోచలేదా? నలభై ఏళ్ళు ఎగిరినాయనకి?"

"తోచలేదమ్మా."

"దారి నుంచి తప్పుకోండి, దీపాలు వెలుగుతున్నాయి" అని తలుపు మూసేసింది. బస్సు వెళ్ళిపోయింది. అద్దాల్లోంచి పిల్లలు నాకు చేతులూపారు, నేనూ ఊపాను, ఏం చెయ్యమంటారు.

తర్వాతి గురువారం మధ్యాహ్నం, రెండు ట్రిప్పుల మధ్య ఎవరూ డబ్బివ్వని ఆ వేళలో ఆమె వచ్చింది. నేను కాఫీ పోస్తే తీసుకోలేదు.

"పొద్దున బస్సుల మేనేజరు లొరెట్టా ఫోన్ చేసింది. థాంక్స్ ట్విలా, నువ్వుంటే నాకు నిశ్చింత అంది. పదకొండింటికి కాలేజీవాళ్ళు చేశారు. సీటు ఖాయమైంది, చెక్కు మార్చుకున్నాం అన్నారు." కుర్చీలో కూలబడింది. "రెండు చోట్లా నేనొస్తానని ఎదురుచూస్తున్నారు. నా జన్మలో నా కోసం ఇద్దరు పోటీ పడటం ఇదే మొదలు."

"ట్విలా, నేను పెద్ద..."

"ఊరుకోండి. మీరు వెధవ పనే చేశారు, ఆ సంగతి నాకు తెలుసు. ఇప్పుడు ఒకళ్ళకి రానని చెప్పాలి. సంతకం పెట్టడం కాదు, నోటితో చెప్పాలి. మీ ఫోను ఇటివ్వండి."

ఫోను ఆమె ముందుకి జరిపి నేను బయటికొచ్చేశాను. ఎవరికి చేస్తుందో వినాలని లేదు. అబద్ధం, చచ్చేంత ఉంది. అందుకే పెట్రోలు పంపు దాకా నడిచాను. కిటికీలోంచి ఆమె వీపు కనిపిస్తోంది. ఒక చెయ్యి తలమీద పెట్టుకుంది, చాలాసేపు మాట్లాడింది. మధ్యలో కళ్ళు తుడుచుకుంది. పంపు మీటరు తుడిచాను, అప్పటికే శుభ్రంగా ఉన్నదాన్ని.

బయటికొచ్చి గుమ్మంలో నిలబడింది.

"లొరెట్టాకి చేశాను" అంది. "మే ఆఖరి దాకా నడిపి మానేస్తానన్నాను. ఆగస్టులో ఆ పిల్లల్ని ఎవరు తెస్తారు అని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. కర్టిస్ ఇన్సులిన్ సంగతేంటని కూడా అడిగింది. చూసుకుంటాం అన్నాను. ఎలా చూసుకుంటామో నాకు తెలీదు."

నాకు సంతోషమో భయమో చెప్పలేను, రెండూ ఒక్కసారే వచ్చాయి.

"వెర్లిన్ గారూ" అంది, "నేను చేసింది సరైన పనేనా?"

నా నోట్లో ఎప్పటిలాగే ఒక సమాధానం తయారుగా ఉంది. ఎయిర్‌లైన్ జీతాలు, ఇరవై ఏళ్ళు, పింఛను. చెప్పబోయాను. ఆమె మొహం చూశాను.

"తెలీదమ్మా" అన్నాను.

"మీకూ తెలీదా?"

"ఒట్టు. నాకేం తెలీదు. ఎప్పుడూ తెలీదు."

ట్విలా దగ్గరికి వచ్చి, మా ఊళ్ళో ఎవరూ ఎవరికీ చెయ్యని పని చేసింది, నన్ను గట్టిగా కావలించుకుంది.

"ఆరు వారాల్లో మీ బల్ల దగ్గర నేను విన్న మొదటి నిజం ఇది" అని, బడి వదిలే వేళైందని బస్సెక్కింది.